గ్రానైట్ కొండల లేత ఎర్ర వైన్లు: రాయీ ఉంది, ఎత్తూ ఉంది, మన దగ్గర ఎందుకు రాదు?

మదనపల్లె మొరం | శనివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. పోయిన వారం ఆఫీసు స్నేహితుడు మాడ్రిడ్ నుంచి వస్తూ ఒక సీసా తెచ్చిచ్చాడు. బెంగళూరు హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో మా ఇంట్లోనే నలుగురం కూర్చుని తెరిచాం. గ్లాసులో పోయగానే ఒకతను "ఇందులో నీళ్ళు కలిపారా?" అన్నాడు. రంగు అలా ఉంది. దానిమ్మ గింజలు పిండిన రసంలా, గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా. నోట్లో పోసుకున్నాక మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పుల్లటి రేగుపళ్ళు, ఎండిన కమలా తొక్క, ఎండకి కాలిన బండ మీద వాన పడితే వచ్చే వాసన. మింగాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది.

లేబుల్ మీద సియెర్రా దె గ్రేదోస్ అని కొండల పేరు, గర్నాచా అని ద్రాక్ష పేరు, 14.5 శాతం ఆల్కహాల్ అని ఉంది. వెనక వైపు గ్రానైట్ నేల, 900 మీటర్ల పైన తోట అని రాశారు.

నేను పుట్టింది మదనపల్లె పక్క పల్లెలో. నాన్న వేరుశెనగ వేసే చేను అంతా మొరం, చుట్టూ గ్రానైట్ గుట్టలే. ఊరి ఎత్తు దాదాపు 700 మీటర్లు, హార్స్‌లీ కొండ 1,265. బెంగళూరు 900 పైనే. రాయీ ఉంది, ఎత్తూ ఉంది. మరి ఇలాంటి వైన్ మన దగ్గర ఎందుకు రాదు? రంగు ఇంత లేతగా ఉండి రుచి అంత గట్టిగా ఎలా నిలిచింది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జయనగర్ గ్లాసు | శనివారం రాత్రి 11:02

మంచి సీసా దొరికింది అన్నా మీకు. పదకొండేళ్ళుగా బెంగళూరు హోటళ్ళలో నాది వైన్ పనే. గ్రేదోస్ అంటే నాకు ప్రాణం, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

గ్రేదోస్ మాడ్రిడ్‌కి పడమటి వైపు ఉన్న పర్వతాల వరస. అందులో పెద్ద శిఖరం అల్మన్సోర్, దాదాపు 2,590 మీటర్లు. తోటలు అంత పైన ఉండవు. 600 నుంచి 1,200 మీటర్ల మధ్య, అడవిలో అక్కడక్కడా చిన్న మడుల్లా ఉంటాయి. ఆ కొండలు మాడ్రిడ్, ఆవిలా, తొలేదో అనే మూడు పాలనా ప్రాంతాల్లోకి చీలిపోయి ఉన్నాయి. అందుకే పక్కపక్క తోటల సీసాల మీద ఒకదానికి వీనోస్ దె మాడ్రిడ్ అని, ఒకదానికి మెంత్రిదా అని, ఒకదానికి థెబ్రెరోస్ అని ఉంటుంది. థెబ్రెరోస్‌కి సొంత గుర్తింపు వచ్చింది 2019లోనే.

అక్కడి గర్నాచా మొక్కల్లో 60, 80 ఏళ్ళవి చాలా ఉన్నాయి. పందిరి లేదు, ఇనుప తీగ లేదు, పొట్టి పొదలా నేలకి దగ్గరగా పెంచుతారు. ట్రాక్టర్ తిరగలేని ఏటవాలులో గుర్రంతోనో కంచరగాడిదతోనో దున్నుతారు. వెనకటికి ఆ పండంతా సహకార సంఘాలకి వెళ్ళి, ఊరూ పేరూ లేని లూజు వైన్‌గా అమ్ముడుపోయేది. పిల్లలు మాడ్రిడ్‌లో ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, చాలా తోటలు పాడుబెట్టేశారు. 2008లో దానియెల్ లాందీ, ఫెర్నాందో గార్సియా కమాందో జి మొదలుపెట్టి అలాంటి ముసలి తోటల్ని చేతిలోకి తీసుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా గ్రేదోస్ వైపు చూస్తోందంటే అందులో వాళ్ళ వంతు పెద్దది.

ఇక రంగు. గర్నాచా తొక్క పల్చన, సహజంగానే రంగు తక్కువ. దాన్ని పిండి, నలిపి, కలియబెట్టి రంగు లాగొచ్చు. వీళ్ళు అలా చేయరు. గుత్తులు కాడలతో సహా తొట్టిలో వేసి, ఎక్కువ కదపకుండా నానబెడతారు. మన ఇళ్ళలో కాఫీ పొడి మీద వేడి నీళ్ళు పోసి ఫిల్టర్ మూత పెట్టి వదిలేస్తాం చూడండి, డికాక్షన్ దానంతట అదే దిగుతుంది. అదే పొడిని నీళ్ళలో వేసి తెగ మరిగిస్తే చిక్కగా వస్తుంది కానీ చేదెక్కుతుంది. తేడా అంతా అక్కడే. తర్వాత కొత్త చెక్క వాసన అంటకుండా పాత, పెద్ద పీపాల్లో ఉంచుతారు.

నెల్లూరు అభ్రకం | ఆదివారం ఉదయం 7:40

జయనగర్ గారూ, బాగా రాశారు. కానీ నాకొక అభ్యంతరం. 14.5 శాతం ఆల్కహాల్ ఉన్నదాన్ని లేత వైన్ అని ఎలా అంటారు? నేను రెండు గ్లాసులు తాగి తేలికే కదా అనుకుంటే మర్నాడు తలనొప్పి ఖాయం. కొనేవాడికి ఈ మాట తప్పుదారి చూపిస్తుంది.

జయనగర్ గ్లాసు | ఆదివారం ఉదయం 8:25

న్యాయమైన ప్రశ్న. లేత అనేది ఇక్కడ రంగుకీ వగరుకీ సంబంధించిన మాట, మత్తుకి కాదు. గర్నాచా బాగా చక్కెర పట్టే రకం, పైగా ఆలస్యంగా పండుతుంది. దాని పూర్తి రుచి వచ్చేదాకా ఆగితే ఆల్కహాల్ 14 దాటడం మామూలే. ఆ బరువు తెలియనివ్వనిది పులుపు. నిజంగానే తక్కువ ఆల్కహాల్ కావాలంటే గమే ద్రాక్ష వైపు వెళ్ళండి, 12.5, 13 దగ్గర ఉంటుంది. దాని గురించి నాకంటే బాగా తెలిసిన అక్క ఒకరు ఇక్కడే ఉన్నారు. అక్కా, చూస్తున్నారా?

లాల్‌బాగ్ బండ | ఆదివారం ఉదయం 10:10

భూగర్భశాస్త్రం పాఠం చెప్పి రిటైరైన మనిషిని నేను. వైన్ ఏడాదికి రెండు మూడుసార్లు రుచి చూస్తాను, అంతే. రాయి సంగతి మాత్రం చెప్పగలను.

గ్రానైట్‌లో ముఖ్యంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. ఎండకీ చలికీ వానకీ అది విచ్చిపోతే పలుగు గింజలు ఇసకలా మిగులుతాయి. గ్రేదోస్‌లో జరిగింది ఇదే. చల్లటి, పొడి వాతావరణంలో రాయి గరుకు ఇసకగా రాలుతుంది. నీరు నిలవదు, సారం తక్కువ, నేల పుల్లది. అలాంటి చోట ద్రాక్ష గుబురుగా పెరగలేదు. కాయ చిన్నది, గుత్తి చిన్నది, వేరు బండ పగుళ్ళలోకి దిగుతుంది. ఇసక నేలలో ఇంకో లాభం, వేరుని తినే ఫిలోక్సెరా పురుగు అక్కడ సరిగ్గా బతకలేదు.

మన దగ్గర కథ వేరు. లాల్‌బాగ్ కొండ మీద నిలబడితే మీ కాలి కింద ఉన్నది దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి నైస్ (gneiss) అనే, గ్రానైట్‌ని పోలిన రాయి. రామనగరం గుట్టల క్లోజ్‌పేట గ్రానైట్ 250 కోట్ల ఏళ్ళది. గ్రేదోస్ గ్రానైట్ వయసు సుమారు 30 కోట్ల ఏళ్ళే. కానీ వయసు కంటే వాతావరణం ముఖ్యం. మన వేడికీ వానకీ ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. రాయి ఒకే జాతిదైనా బెంగళూరు చుట్టూ మిగిలింది ఎర్రమట్టి, అక్కడ మిగిలింది తెల్లటి గరుసు. కాబట్టి మదనపల్లె గారూ, "రాయి ఉంది" అన్న మాట సగమే నిజం. మీ నాన్నగారి మొరం చేను మాత్రం గ్రేదోస్‌కి చాలా దగ్గర. ఆ నేల మీద మీకు మమకారం ఉండటం సరైనదే.

ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. వైన్‌లో గ్రానైట్ రుచి వచ్చిందని చాలామంది అంటారు. రాయికి రుచి లేదు. వేరు రాతిని పీల్చుకోదు, నీటిలో కరిగిన కొద్దిపాటి లవణాల్ని మాత్రమే తీసుకుంటుంది. బ్రిటన్ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ళుగా ఈ విషయమే వివరిస్తున్నారు. తడిసిన బండ వాసన కూడా రాయిది కాదు, దాని మీద పేరుకున్న నూనెలదీ సూక్ష్మజీవులు వదిలే పదార్థాలదీ. నేల చేసే పని నీరు ఎంత ఇవ్వాలో, ఎంత బిగబట్టాలో నిర్ణయించడం. ఆ పని చాలా పెద్దది. దాన్ని రుచి పేరుతో చిన్నది చేయొద్దు.

మదనపల్లె మొరం | ఆదివారం ఉదయం 10:48

సార్, మూడుసార్లు చదివాను. బండ వాసన అని నేను రాసింది వాసన పోలికే, రాయే వైన్‌లోకి దిగిందని కాదు. మరి ఎత్తు సంగతి?

చిక్కబళ్ళాపురం పందిరి | ఆదివారం మధ్యాహ్నం 1:30

ఎత్తు సంగతి నేను చెప్తాను. మాది చిక్కబళ్ళాపురం దగ్గర నాలుగెకరాల ద్రాక్ష తోట, తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగే. ఎక్కువ భాగం బెంగళూరు బ్లూ, పందిరి మీద. ఒక మూల వైన్ రకాలు కొద్దిగా పెట్టాను.

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. నంది కొండ 1,478 మీటర్లు, పైన చలి మీ అందరికీ తెలుసు. కానీ గ్రేదోస్ ఉన్నది 40 డిగ్రీల అక్షాంశంలో, మనం 13లో. వాళ్ళకి చలికాలంలో మొక్క ఆకు రాల్చి నిద్రపోతుంది. మనకి నిద్రే లేదు. అందుకే ఏడాదికి రెండు కటింగులు చేస్తాం. ఏప్రిల్‌లో ఒకటి, కొమ్మ తయారవడానికి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోది, కాయ కోసం. కోత ఫిబ్రవరి, మార్చి.

అసలు తిరకాసు ఇక్కడుంది. వాళ్ళ ద్రాక్ష ఎండాకాలం చివర పండుతుంది. పండేకొద్దీ రాత్రులు చల్లబడతాయి. మన ద్రాక్ష చలికాలంలో కాయగట్టి, ఎండలు ముదిరే వేళకి పండుతుంది. అంటే సరిగ్గా పులుపు కాపాడుకోవాల్సిన వారాల్లో వేడి పెరుగుతూ పోతుంది. ద్రాక్షలో రెండు పులుపులు ఉంటాయి. ఒకటి చింతపండులో ఉండే టార్టారిక్, అది వేడికి అంత తేలిగ్గా తగ్గదు. రెండోది ఆపిల్‌లో ఉండే మాలిక్, దాన్ని కాయ ఊపిరి తీసుకుంటూ ఖర్చు పెట్టేస్తుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా అయిపోతుంది. పగలు చక్కెర, రాత్రి పులుపు. గ్రేదోస్‌లో పగలు 30 దాటినా రాత్రి బాగా దిగుతుంది, రెండూ నిలుస్తాయి. మాకు జనవరిలో తెల్లవారుజామున 14, 15 ఉంటుంది. మార్చికి ఆ చలి పోతుంది.

అందుకని నేను వైన్ రకాల కటింగ్ మూడు వారాలు ముందుకి జరిపాను. జనవరి చివరికే పండాలని. రెండేళ్ళు అకాల వానకి పూత దెబ్బతింది, ఒక ఏడాది కుదిరింది. కుదిరిన ఏడాది కాయ నోట్లో వేసుకుంటే తేడా స్పష్టంగా తెలిసింది.

లియోన్ నుంచి వచ్చా | ఆదివారం సాయంత్రం 5:15

ఇప్పుడే చూశాను. తమ్ముడూ, పిలిచినందుకు థాంక్స్. ఆరేళ్ళు లియోన్‌లో ఉద్యోగం చేసి ఇందిరానగర్‌కి వచ్చేశాను. లియోన్‌కి కాస్త ఉత్తరంగా బోజొలే కొండలు మొదలవుతాయి, ఆదివారాలు అక్కడే గడిచేవి.

బోజొలే అంటే చాలామందికి నవంబరు మూడో గురువారం వచ్చే కొత్త వైన్ ఒక్కటే గుర్తొస్తుంది. అసలు సంపద ఉత్తర భాగంలోని పది ఊళ్ళ వైన్లలో ఉంది. వాటిలో ఫ్లూరీ నేల గులాబీ రంగు గ్రానైట్, చేత్తో తీస్తే వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. అన్నిట్లో ఎత్తయినది షిరూబ్ల్, తోటలు 400 మీటర్ల పైదాకా ఎక్కుతాయి. గ్రేదోస్ ముందు ఇది తక్కువే కానీ అక్కడి అక్షాంశం 46. షిరూబ్ల్ వైన్ పూల వాసనతో, నోట్లో ఏ బరువూ లేకుండా ఉంటుంది. నాకైతే ఎత్తూ గ్రానైటూ కలిస్తే ఏమవుతుందో మొదట అర్థమైంది ఆ ఊళ్ళోనే. కాకపోతే అన్నీ గ్రానైట్ కాదు, కోత్ దె బ్రూయీలో నీలిరంగు రాయి ఉంటుంది, వైన్ కాస్త బిగువుగా వస్తుంది.

ద్రాక్ష పేరు గమే. దీని చరిత్ర చదివితే బాధేస్తుంది. 1395లో బర్గండీ పాలకుడు ఫిలిప్ దీన్ని చెడ్డ మొక్క అని తన నేలల్లోంచి పీకించేయమన్నాడు. సున్నపురాయి నేలలో పిచ్చిగా కాసి పల్చటి వైన్ ఇచ్చే మొక్క అది. దక్షిణాన ఈ పేద గ్రానైట్ మీదకి వచ్చాక అణిగి, రుచి పట్టింది.

తయారీ కూడా వేరు. గుత్తుల్ని నలపకుండా మూసిన తొట్టిలో వేస్తారు. లోపల బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, కాయ తనలో తానే పులవడం మొదలుపెడుతుంది. వగరు తక్కువగా, పండు వాసన ఎక్కువగా రావడానికి అదే కారణం. వ్యాపారీ రసాయన శాస్త్రజ్ఞుడూ అయిన జూల్ షొవే దీని మీద జీవితమంతా పని చేశాడు, 1989లో పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మొర్గాన్ (ఆ పది ఊళ్ళలో ఒకటి) రైతు మార్సెల్ లపియేర్ మందులూ సల్ఫరూ తగ్గించి చేసిన వైన్లు తర్వాతి తరాన్ని మార్చేశాయి.

గుంటూరు కారం వదలను | ఆదివారం రాత్రి 8:05

నాది తిండి ప్రశ్న. ఇంట్లో ఆదివారం నాటుకోడి పులుసు, రాగి సంకటి. ఎర్ర వైన్ తాగితే కారం రెండింతలు మండుతోంది. అందుకే మానేశాను. ఈ లేతవి పనికొస్తాయా?

లియోన్ నుంచి వచ్చా | ఆదివారం రాత్రి 8:40

కారాన్ని పెంచేవి ఆల్కహాలూ వగరూ. చిక్కటి రంగున్న, కొత్త పీపా వాసన వేసే వైన్‌లో రెండూ ఎక్కువ. పులుసుకి గమే తీసుకోండి, సీసాని ఫ్రిజ్‌లో చల్లబరిచి 13 డిగ్రీల దగ్గర పోయండి. గది వేడి అని పుస్తకాల్లో రాసింది చలిదేశపు గదుల గురించి, మన ఏప్రిల్ గది గురించి కాదు. గోంగూర మటన్‌కి కూడా నేను ఇదే పోస్తాను. గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది, గమే నిలబడుతుంది. గర్నాచా 14.5ది మాత్రం కారం తక్కువున్న వంటకి దాచుకోండి. మిరియాల వేపుడు, పప్పుచారు, కాల్చిన వంకాయ పచ్చడి అన్నం. వంకాయ పచ్చడితో ఒకసారి చూడండి, నా మాట నమ్మండి.

నెల్లూరు అభ్రకం | ఆదివారం రాత్రి 9:20

సరే, లేత అన్న మాట ఒప్పుకుంటున్నాను. కానీ కొనేదెలా? దిగుమతి వైన్ మీద ఏళ్ళ తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం, పైన రాష్ట్ర ఎక్సైజ్. నిరుడు ఒక దుకాణంలో (పేరు వద్దు) బోజొలే కొన్నాను. ఏసీ లేని అరలో, ట్యూబులైటు కింద నిలబెట్టి ఉంది. ఇంటికొచ్చి చూస్తే బిరడా పైకి పొడుచుకొచ్చింది, వైన్ ఉడికిన టమాటా వాసన. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. అది లేత వైన్ తప్పు కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

జయనగర్ గ్లాసు | ఆదివారం రాత్రి 10:00

చాలా బాధాకరం. చిక్కటి వైన్‌లో వగరు కొంత కాపలా కాస్తుంది, లేత వైన్‌కి ఆ కవచం తక్కువ. వేడి తగిలితే ముందు పోయేది ఇవే. కొనేముందు బిరడా ఎత్తు చూడండి, మెడలో వైన్ ఎంతవరకు ఉందో చూడండి, అరలో వేడిగా ఉంటే వదిలేయండి.

దారులు ఉన్నాయి. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉంది, సీసా దిగుమతి ధర 5 అమెరికన్ డాలర్లు దాటితే సుంకం మొదటే 100 శాతానికీ, 15 డాలర్లు దాటితే 75కీ తగ్గింది, ఏటా ఇంకా తగ్గుతుంది. విక్టోరియా రాష్ట్రంలో బీచ్‌వర్త్ అని గ్రానైట్ కొండల ఊరుంది, అక్కడ గమే కూడా వేశారు. దక్షిణాఫ్రికాలో పార్డెబర్గ్ కొండ గ్రానైట్ మీది సాన్సో ద్రాక్ష ఇంకో లేత ఎరుపు. కోర్సికా దీవిలో షాకరెల్లు అనే ద్రాక్ష కూడా గ్రానైట్ మీదదే, మిరియం వాసన వేస్తుంది. విదేశం నుంచి వచ్చేవాళ్ళు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు నిశ్చింతగా.

మన దగ్గర కూడా గ్రానైట్ మీద పని జరుగుతోంది. కొప్పళ జిల్లాలో హంపి కొండల దగ్గర క్రస్మా తోట మన తెలుగు దంపతులదే, కృష్ణప్రసాద్, ఉమా చిగురుపాటి. వాళ్ళ సాంజొవేసే ద్రాక్ష వైన్ దొరికితే కాస్త చల్లబరిచి తాగి చూడండి. నంది కొండ కింద గ్రోవర్ వాళ్ళ తోటలు 1980ల చివరి నుంచి ఉన్నాయి. ఇద్దరిదీ చిక్కటి వైన్ల వైపు మొగ్గే. లేత వైన్ కోసం తోటనీ కోతనీ మొదటి నుంచీ మలిచిన ప్రయత్నం ఒకటి జరగాలని నా కోరిక.

చిక్కబళ్ళాపురం పందిరి | ఆదివారం రాత్రి 10:35

ఆ ప్రయత్నానికి నా దగ్గర పద్దెనిమిది మొక్కలు గర్నాచా ఉన్నాయి, డాగ్‌రిడ్జ్ అనే ఇంకో ద్రాక్ష రకం వేరు మీద అంటు కట్టినవి. డాగ్‌రిడ్జ్ బలం ఎక్కువ, ఎర్రమట్టిలో ఆకు తెగ పెరుగుతోంది, గుత్తికి నీడ పడుతోంది. లాల్‌బాగ్ సార్ చెప్పింది చదివాక నాకు అర్థమైంది, నేను వాటిని తప్పు చోట పెట్టాను. తోట పైభాగాన బండ పక్కన అర ఎకరం గరుసు ఉంది, ఏదీ సరిగ్గా పండదని రాగులు కూడా వేయడం మానేశాం. ఈసారి కొత్త అంట్లు అక్కడ పెడతాను. సార్, ఒకసారి వచ్చి ఆ నేల చూస్తారా? గొయ్యి తవ్వించి ఉంచుతాను.

లాల్‌బాగ్ బండ | సోమవారం ఉదయం 6:20

తప్పకుండా. మీటరున్నర లోతు తవ్వించండి నాయనా, గోడ నిలువుగా ఉండాలి. తెల్ల పలుగు ఎంత లోతులో మొదలవుతుందో, బంకమట్టి ఎక్కడ ఆగుతుందో చూద్దాం. వాన పడిన మర్నాడైతే నీరు ఎటు పోతోందో కూడా తెలుస్తుంది.

మదనపల్లె మొరం | సోమవారం ఉదయం 8:55

నేనూ వస్తాను సార్. నిన్న రాత్రి సీసాలో మిగిలిన రెండు గ్లాసులు 14 డిగ్రీలకి చల్లబరిచి, అక్క చెప్పినట్టు వంకాయ పచ్చడి అన్నంతో తాగాం. తెరిచి వారమైంది, ఫ్రిజ్‌లోనే ఉంచాను. పండు వాసన తగ్గింది, పులుపు అలాగే ఉంది. పచ్చడిలో చింతపండు ముందు కూడా అది వెనక్కి తగ్గలేదు. చిక్కబళ్ళాపురం అన్నా, ఏ ఆదివారమో చెప్పండి. ఊరి నుంచి మా చేను మొరం ఒక సంచి తెప్పిస్తున్నాను, మీ గరుసు పక్కన పెట్టి చూద్దాం.

చిక్కబళ్ళాపురం పందిరి | సోమవారం ఉదయం 9:30

వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. పొద్దున ఏడుకల్లా రండి, ఎండ ఎక్కకముందే తోటంతా తిరగొచ్చు. భోజనం మా ఇంట్లోనే.